రండి, కూర్చోండి

అశోక్‌నగర్‌లో ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు కట్టడమంటే తేనెతుట్టె మీద రాయి వేయడమే. సందుకో కోచింగ్ సెంటరు, గదికి నలుగురు కుర్రాళ్ళు. ఖాళీ ఉందన్న మాట చెవిన పడితే చాలు, పుస్తకాల సంచీతో సహా వచ్చి వాలిపోతారు. ఈ సంగతి బాలకిషన్‌కు తెలియదని కాదు, తెలిసే కట్టాడు. పైగా గది అద్దెకిచ్చే ఉద్దేశం అతనికి రవ్వంత కూడా లేదు.

మరెందుకు కట్టాడంటారా? వాళ్ళింటికి ఎవరూ రావడం లేదు, అందుకు.

నవ్వొస్తే నవ్వుకోండి. బషీర్‌బాగ్‌లో అతను పనిచేసే ఆఫీసులో అందరూ అతన్ని ‘ప్లాన్ల బాలకిషన్’ అనే పిలుస్తారు. కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రి ఫ్రిజ్జు ఆపేసి, తెల్లారి పాలన్నీ విరిగిపోతే ‘పన్నీరు లాభం కదా’ అన్న ఘనుడు.

అతనికీ భార్య సులోచనకూ ఒక్కతే కూతురు, సంయుక్త. ఏడేళ్ళు. ఆటిజం. మాటలు తక్కువ, చెప్పుల మీద ప్రేమ ఎక్కువ. ఎవరి చెప్పులు కనపడినా జత చేసి, మడమలు గోడకు ఆనించి, వరుసగా పెట్టేదాకా ఆ పిల్లకు తోచదు. శనివారం శనివారం కీర్తన అనే థెరపిస్టు వచ్చి గంటసేపు నేర్పిస్తుంది. మిగతా వారమంతా ఇంట్లో ఏం చేయించాలో తల్లిదండ్రులకు చెప్పి వెళ్తుంది. సులోచన నారాయణగూడలో టీచరు ఉద్యోగం మానుకుని అదే పనిలో ఉంది.

కొత్త పాఠం ఇది: బెల్లు మోగితే తలుపు తీయాలి, వచ్చినవాళ్ళను చూడాలి, “రండి, కూర్చోండి” అనాలి, మంచినీళ్ళివ్వాలి. అంతా చక్కగా చేస్తే బహుమానంగా వచ్చినవాళ్ళ చెప్పులు సర్దుకోవచ్చు.

ఇక చూడండి. సులోచన హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని తన ఇంటికే తాను చుట్టంగా వచ్చేది. ఆమె తర్వాత బాలకిషన్. పై అంతస్తు ఆయన మెట్లు దిగుతూ, బాలకిషన్ తన ఇంటి బెల్లే కొట్టి చేతులు కట్టుకుని నిలబడడం చూశాడు. పెళ్ళాం లోపలికి రానివ్వడం లేదనుకుని ఓదార్పుగా భుజం తట్టి వెళ్ళాడు.

మొదట్లో సంయు తలుపు మాత్రమే తీసేది. కొన్నాళ్ళకు “రండి” వచ్చింది. ఒక సాయంత్రం తలెత్తి, తల్లి మొహంలోకి చూసి, రెండు మాటలూ అంది. సులోచన ఆ పూట పాయసం చేసింది.

“మీ ఇద్దరితోని మస్తు చేస్తున్నది సార్,” అంది కీర్తన ఆ శనివారం. “ఇగ కొత్త మొఖాలు కావాలె. మీ దగ్గర నేర్చింది మీ దగ్గర్నే ఆగిపోవద్దు గద. చుట్టాలు, పక్కింటోళ్ళు వస్తనే ఉంటరు, వాళ్ళతోని చేయించున్రి.”

“వస్తరు, ఎందుకు రారు,” అన్నాడు బాలకిషన్, బాగానే ఉన్న సోఫా కవరును మళ్ళీ సర్దుతూ.

కీర్తన వెళ్ళాక సులోచన అడిగింది. “ఎవరొస్తరు?”

“మంగక్క వస్తది.”

“వదిన మన గడప తొక్కి రెండేండ్లాయె.”

“కవాడిగూడ దూరం గద.”

“ఆటోల పది నిమిషాలు.”

అసలు సంగతి దూరం కాదు. మంగక్క వాళ్ళ గృహప్రవేశంలో సన్నాయి మోతకు సంయు చెవులు మూసుకుని ఒకటే ఏడుపు ఏడ్చింది. అక్కడితో ఆగిందా? ఏడుపు తగ్గాక, వచ్చినవాళ్ళందరి చెప్పులూ తనకు నచ్చిన జతలు కలిపి సర్దింది. పెద్దమనుషులు ఒక కాలికి ఒకటి, ఇంకో కాలికి ఇంకొకటి వేసుకుని ఇళ్ళకు పోయారు. ఆ తర్వాత ఏ శుభకార్యమైనా ఫోనొచ్చేది: “పిల్లకు తక్లీఫ్ అయితది గద తమ్మీ, మీరు రాకున్నా ఏమనుకోం.” రమ్మనడం అట్లా పోయింది, రావడం దాని వెనకే పోయింది.

ఫోను తీసి పేర్లు వెదికాడు. గ్యాస్, ఇన్వర్టర్ మెకానిక్, పాత ప్లంబర్, కొత్త ప్లంబర్. పిలిస్తే వచ్చేవాళ్ళంతా ఇంట్లో ఏదో ఒకటి చెడిపోతేనే వచ్చేవాళ్ళు.

ఆన్‌లైన్‌లో సబ్బులు తెప్పించి చూశాడు. పార్సిల్ కుర్రాడు బెల్లు కొట్టి, సంచీ గుమ్మంలో పెట్టి, సంయు గొళ్ళెం తీసేలోపు కిందికి చేరిపోయాడు. “రండి, కూర్చోండి” అని ఆ పిల్ల ఖాళీ మెట్లకు చెప్పింది. చెప్పి, సర్దడానికి చెప్పులేవీ అని చూసింది.

అట్లా పుట్టింది బోర్డు ప్లాను. ఆదివారం పొద్దున్నే తనే రాసి కట్టొచ్చాడు: ‘రూం కిరాయికి కలదు. రెండో అంతస్తు. బెల్లు కొట్టి ఆగవలెను.’ చూపించడానికి హాలు పక్కన ముందుగది ఉండనే ఉంది. మంచం, టీవీ, క్యారంబోర్డుతో అది బాలకిషన్ సొంత రాజ్యం. సులోచనకు మాత్రం సంగతి చెప్పలేదు.

టీ తాగేలోపే బెల్లు మోగింది. గుమ్మంలో సన్నగా ఒక కుర్రాడు. సంయు తలుపు తీసి అతని చొక్కా గుండీలవైపు చూసింది. తలుపు చాటున బాలకిషన్ ఊపిరి బిగపట్టాడు. ఏం జరుగుతోందో తెలియక ఆ కుర్రాడూ బిగపట్టాడు.

“రండి,” అంది సంయు. వంటింట్లో సులోచన చేతిలో గరిటె ఆగింది. “కూర్చోండి.”

కుర్రాడు కూర్చున్నాడు. నీళ్ళొచ్చాయి. తాగి, మూతి తుడుచుకుని, బయటికొచ్చిన సులోచనతో “ఆంటీ, కిరాయెంత?” అన్నాడు.

సులోచన మొగుణ్ణి వంటింట్లోకి లాక్కుపోయింది.

“కిరాయేంది? ఏం చేసిన్రు?”

“బోర్డు కట్టిన.”

“రూం ఇస్తున్నమా?”

“లేదు. చూపిస్తున్నం.”

“బుద్ధి ఉన్నదా మీకు? ఎండల తిరిగి తిరిగి వచ్చె పాపం ఆ పిలగాడు. ఉసురు తగుల్తది.”

“బిడ్డ కొత్త మనిషికి చెప్పింది సులోచనా.”

సులోచన పొయ్యి ఆపి, ఒక ప్లేటులో ఉప్మా పెట్టుకుని బయటికి వచ్చింది. కుర్రాడికి గది దొరకలేదు, కడుపు మాత్రం నిండింది.

తర్వాత వచ్చినవాళ్ళకూ అదే వరస. సంయు కూర్చోమంటుంది, బాలకిషన్ గది చూపిస్తాడు, ఏదో వంక చెబుతాడు, సులోచన పాపభీతితో ఉప్మా పెడుతుంది.

“వానకు పైకప్పు కారుతది,” అన్నాడు ఒకడితో.

“బకెట్ పెట్టుకుంట అంకుల్.”

“పక్కింట్ల బ్యాండు మేళమోళ్ళు ప్రాక్టీస్ చేస్తరు.”

“చెవుల్ల దూది పెట్టుకుంట.”

“అరే, గీ రూంల ఉన్నోళ్ళకు ఉద్యోగం రాదు బాబూ!”

“ఎక్కడున్నా వస్తలేదు అంకుల్. ఇక్కడనే రాకపోనీ.”

మధ్యాహ్నానికి సందంతా ఒకటే మాట: ఆ ఇంట్లో గది ఇవ్వరు కాని టిఫిను పెడతారు. ఇక రాకేం చేస్తారు? చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునేవాళ్ళు పుస్తకాలు మూసి మరీ వచ్చారు. రవ్వ అయిపోయి సేమ్యా మొదలైంది. వాళ్ళలో ఆమని అని మెట్‌పల్లి అమ్మాయి ఒకతె. హాస్టలు మూసేస్తున్నారట. సంయు ఇచ్చిన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టలేదు, పట్టుకునే కూర్చుంది.

“మూడు రోజులసంది నాతోని ఎవ్వరు మాట్లాడలే ఆంటీ,” అంది. “అక్కడ అందరు చదువుకుంటనే ఉంటరు.”

అంతలో బెల్లు మోగి వీరరాఘవరావుగారు వచ్చారు. అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షులు. లిఫ్టు మరమ్మతు తప్ప మరో మాట ఎరగరు కాబట్టి అందరికీ ఆయన లిఫ్టు రావుగారు.

“ఏవండీ, ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారటగా! ఒక్క మాటైనా చెప్పలేదే?”

“రండి, కూర్చోండి,” అంది సంయు.

ఆయన ఠక్కున కూర్చున్నారు. “అమ్మాయి మాట్లాడుతోందే!”

“మాట్లాడ్తది సార్,” అంది సులోచన. “వినేటోళ్ళే రాలే.”

లిఫ్టు రావుగారు జీవితంలో మొదటిసారి లిఫ్టు ఊసెత్తకుండా నీళ్ళు తాగారు.

ఆ వెనకే మంగక్క. బోర్డు సంగతి కవాడిగూడ దాకా ఎవరు మోశారో! “ఇల్లు అమ్ముతున్నవారా? తోడబుట్టినదాన్ని, నాకు చెప్పవా?” అని మెట్ల మీదనుంచే అందుకుంది. గుమ్మంలో మేనకోడలు “రండి, కూర్చోండి” అనేసరికి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

చూడండి విడ్డూరం. ఉన్నన్నాళ్ళూ ఒక్కరూ రాలేదు, పోతున్నారనగానే అందరూ దిగారు. ఇల్లంతా జనం. నిలబడ్డవాళ్ళెవరు కనపడినా సంయు ఊరుకోవడం లేదు, దగ్గరికి పోయి “కూర్చోండి” అంటోంది. కుర్చీలు అయిపోయి బాలకిషన్ వాషింగ్ మెషిను మీదికెక్కి కూర్చున్నాడు.

“ఇంతకీ గది ఎవరికిస్తున్నట్టు?” అన్నారు లిఫ్టు రావుగారు.

అందరూ వాషింగ్ మెషిను వైపు చూశారు. బాలకిషన్ నిజం చెప్పేశాడు. గది లేదు, పిల్లకు కొత్త మనుషులు కావలసి వచ్చారు, అంతే.

“గిట్ల మోసం చేస్తరా అంకుల్?” కుర్రాళ్ళు లేచారు. రావుగారు లేచారు. మంగక్క కొంగు బిగించింది. అందరూ గుమ్మం దాకా పోయి ఆగిపోయారు. అక్కడ ఒక్క చెప్పు లేదు.

చెప్పులన్నీ ముందుగదిలో గోడ పొడవునా బారులు తీరి ఉన్నాయి. గది గడప మీద అడ్డంగా సంయు కూర్చుని ఉంది. “కూర్చోండి,” అంది.

బాలకిషన్ కీర్తనకు ఫోను చేశాడు. “బలవంతం చెయ్యకున్రి సార్, జర ఓపిక పట్టున్రి,” అంది ఆమె. “అయినా, పోతున్నోళ్ళకు ఏమనాల్నో నేర్పిచ్చిన్రా?”

నేర్పలేదు. రమ్మనడమే నేర్పారు. పోయి రండి అనాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడొచ్చింది కనక?

గత్యంతరం లేక అందరూ మళ్ళీ కూర్చున్నారు. మనుషులు ఊరికే కూర్చుంటే ఏం చేస్తారు, మాట్లాడుకుంటారు. ఒకడు వాళ్ళ ఊరి సంగతి ఎత్తుకున్నాడు. రావుగారు తన మనవడికీ మాటలు ఆలస్యంగానే వచ్చాయని చెప్పారు. మంగక్క సులోచన చెయ్యి పట్టుకుని, “రావాలనే ఉంటుండె సులోచనా. వచ్చి ఏం మాట్లాడాల్నో తెల్వకుండె,” అంది. “ఊకె కూసున్నా సరిపోతుండె గద వదినా,” అంది సులోచన. అంది గాని, ఆ చెయ్యి వదల్లేదు.

ఇంట్లో ఇంతమంది గొంతులు విని ఎన్నాళ్ళయిందో! ఆ చెప్పులు ఇంకో గంట దొరక్కుండా ఉంటే బాగుండునని బాలకిషన్ మనసారా కోరుకున్నాడు. అందరినీ పరేషాన్ చేసినవాడు కోరుకోవలసిన కోరిక కాదు, అయినా కోరుకున్నాడు.

ఆమని లేచి సంయు పక్కన నేల మీద కూర్చుంది. వరుసలో తన చెప్పులను వేలితో చూపించింది. “ఇవి నావి. ఇవి ఇక్కడనే ఉంటయి. నేను గూడ ఉంట. వాళ్ళవి ఇచ్చేద్దామా?”

సంయు ఆ చెప్పులను ఒకసారి తాకి చూసింది. తర్వాత లేచి రావుగారి బూట్లు ఆయన ముందు పెట్టింది. ఆ తర్వాత మంగక్కవి. ఒక్కొక్క జతా, ఈసారి ఒక్కటి కూడా తారుమారు కాకుండా, అందరివీ ఇచ్చేసింది. ఆమనివి మాత్రం గోడకే ఉంచింది.

జనం ఖాళీ అయ్యాక ఆమని సంకోచంగా లేచింది. “ఆంటీ, పాపతోని ఊరికే అన్న. చెప్పులు రేపొచ్చి తీస్కపోత.”

“బిడ్డకు ఒకటి చెప్పి ఇంకొకటి చేస్తే ఎట్ల?” అంది సులోచన. “రూం నీదే. పోయి సామాను తెచ్చుకో.”

“అది నా రూం!” అన్నాడు బాలకిషన్.

“బోర్డు కట్టింది మీరే గద.”

“మరి నా మంచం?”

“హాల్ల వేసుకోన్రి.”

బాలకిషన్ మంచం హాల్లోకి వచ్చింది, క్యారంబోర్డు అటక మీదికి పోయింది. ఆమని సులోచన చెప్పులేసుకుని పోయి సామాను తెచ్చుకుంది. మళ్ళీ ఆదివారం వస్తానన్న మంగక్క రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. రావుగారు లిఫ్టులో కనపడితే పలకరిస్తారు, అంతవరకే. సందులో కుర్రాళ్ళు ఉప్మాను మరిచిపోయారు. బెల్లు మళ్ళీ రోజుల తరబడి మోగడం లేదు. బాలకిషన్ సాయంత్రాలు హాల్లో మంచం మీద కూర్చుని తలుపు వైపు చూస్తాడు. ఆమనికైనా పరీక్షలు అయిపోతే ఇక్కడేం పని?

ఒక సాయంత్రం ఆమని లైబ్రరీ నుంచి వచ్చి బెల్లు కొట్టింది. సంయు తలుపు తీసింది, మొహంలోకి చూసింది, ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగి పోయింది. ఆమని చెప్పులు విడిచి మామూలుగా లోపలికి వచ్చింది.

బాలకిషన్ ఫోను అందుకున్నాడు. “సులోచనా! బిడ్డ రమ్మంటలేదు! నేర్పిందంత పోయింది! కీర్తనకు ఫోన్ చెయ్యాలె. మల్ల బోర్డు కట్టాలె...”

సులోచన పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. “ఆగున్రి. పాఠం సంగతి కాదు, మీరు ఆఫీసు నుంచి వస్తే ఏమంటది?”

“నన్నేమంటది? ఏమనదు.”

“ఎందుకు?”

“నేను ఇంటి మనిషిని గద, నన్ను రండి కూర్చోండి అని...”

నోరు తెరిచినట్టే ఉండిపోయింది. సులోచన నవ్వింది, మళ్ళీ పిండి దగ్గరికి పోయింది.

“టీ పెడుతున్న,” అంది లోపలినుంచి. “ఆమని తాగుతదేమో అడుగున్రి.”

బాలకిషన్ ఫోను జేబులో పెట్టుకుని, అడగడానికి లేచాడు.