ఫర్వాలేదు విల్ఫ్ నేర్చిన మాట

ఇంగ్లీషు కొండల నడుమ స్వేల్‌డేల్ లోయలో గొర్రెలు కాసుకొనే విల్ఫ్ ఔత్‌వైట్‌ను ఊరంతా ‘ఫర్వాలేదు విల్ఫ్’ అంటారు. పెళ్ళినాడు పెళ్ళికూతురు ఎలా ఉందని ఎవరో అడిగితే, "ఫర్వాలేదు" అన్నాడు. ఆ లోయలో అంతకు మించిన పొగడ్త లేదు. హిల్డా మురిసిపోయింది.

మొన్న డాక్టరు అతణ్ణి పక్కకు పిలిచి, హిల్డా మళ్ళీ గొర్రెలు ఈనే కాలం దాకా బతకడం కష్టమన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలియనివ్వకూడదని విల్ఫ్ తీర్మానించుకొన్నాడు. ఉన్నన్నాళ్ళూ సంతోషపెట్టాలి. అంటే పొగడాలి. కొట్టం నిండా గడ్డి ఉంది గానీ, ఇంట్లో ఒక్క పొగడ్త నిల్వ లేదు.

‘బాగుంది’కి ముందు తగిలించే గట్టి మాట ఒకటి అడగడానికి, చిన్నప్పుడు చదువు చెప్పిన ఆల్డర్సన్ పంతులమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"‘టెరిబ్లీ’ బాగుంది అనవచ్చా అమ్మా?"

"అందులో భయం ఉందిరా. మొదట్లో వణికించేదాన్నే అలా అనేవారు."

"భయం ఇంట్లో చాలినంత ఉంది. ‘ఆఫుల్లీ’?"

"అదీ దాని చెల్లెలే."

"‘సోర్లీ’?"

"దాని పుట్టుకే నొప్పి."

విల్ఫ్ టోపీ నలుపుతూ కూర్చొన్నాడు. "గుచ్చుకోనిది ఒక్కటీ లేదా?"

"‘వెరీ’ ఉంది. పాత ఫ్రెంచి మాట. నిజమని అర్థం."

అబద్ధమాడబోయేవాడికి నిజమే గతి అయింది.

సాయంత్రం హిల్డా తాను చేసిన ‘ఆపిల్ పై’ అనే తీపి రొట్టెను కోసి, పక్కన చీజు ముక్క పెట్టింది. విల్ఫ్ ఒక ముద్ద మింగి, సంతలో పొట్టేలుకు వేలం పాడేవాడిలా అరిచాడు.

"వెరీ గుడ్!"

హిల్డా చేతిలో కత్తి ఆగింది. "ఏమన్నావు?"

"వెరీ గుడ్. వెరీ, వెరీ..."

"చాలు ఆపవయ్యా. మన పొట్టేలుకు మొదటి బహుమతి వచ్చినప్పుడు కూడా ‘ఫర్వాలేదు’ అన్న మనిషివి. డాక్టరు చెప్పేశాడన్నమాట."

"డాక్టరా? ఏ డాక్టరు?"

"నాకు పోయిన వారమే చెప్పాడు. నీకు చెప్పడానికి నాకే నోరు రాలేదు. నిన్ను పిలిచి చెప్పమని ఆయన్ను బతిమాలింది నేనే."

విల్ఫ్, ఎత్తుకొచ్చిన గొర్రెను దాని సొంతదారుకే బేరం పెట్టినవాడిలా తల దించుకొన్నాడు.

"ఇప్పుడేం చేద్దాం హిల్డా?"

"లే. పిండి కలపడం నేర్పుతా. రేపు నీకెవరు చేసిపెడతారు? చేతులు చన్నీళ్ళతో కడుక్కో, వెచ్చటి చేతులకు వెన్న కరిగి పిండి చెడిపోతుంది."

విల్ఫ్ కుళాయి తిప్పాడు. చేతులు ఎప్పుడో చల్లబడ్డాయి. అయినా అటు తిరిగి కడుగుతూనే ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

నీళ్ళ చప్పుడు ఆగేదాకా హిల్డా పిండి జల్లిస్తూనే ఉంది.