ఐదో వత్తికి ఒక అనుమతి

"ఇకమీదట మనిషి వేలు పడనిదే ఏ ఏఐ ఏజెంటూ సర్క్యూట్‌లో ఒక్క గీత కూడా మార్చలేదు!" అని సర్క్యూట్ డిజైన్ పర్యవేక్షణ సంఘం చైర్మన్ ద్వారకనాథ్ గారు తిరువళ్ళూరు సభలో ప్రకటించారు. మైకు సెట్టు నాది. ఆ మాట పూండి దాకా వినబడిందంటే అందులో నా సేవ కూడా కొంత ఉంది.

సంగతి చిన్నదే. తిరుత్తణి నేతగాళ్ళ పవర్‌లూమ్‌లకు కొత్త కంట్రోల్ బోర్డు కావాలి. ఏజెంటు దాన్ని కంప్యూటర్‌లో గీస్తుంది. ఏదైనా మార్చాలంటే ముందు అడుగుతుంది. తెర మీద "అనుమతి" నొక్కితేనే రాస్తుంది. ఎంత కట్టుదిట్టమో చూడండి!

వేదిక మీద పెద్దలు ఐదుగురు. కుత్తువిళక్కు దీపానికి ఐదు వత్తులు, తలా ఒకటి వెలిగించారు. ఒక వైరు పక్కకు జరపనా అని ఏజెంటు అడిగింది. చైర్మన్ గారు నొక్కారు. చప్పట్లు మోగాయి. మిగతా నలుగురి ముఖాలు మాడిపోయాయి.

కార్యదర్శి దండపాణి వంగి గుసగుసలాడాడు. "తలైవరే, వత్తి తలా ఒకటి ఇచ్చి, బటన్ మీరొక్కరే నొక్కితే బాగుండదు."

"అట్లయితే ఇంకో నాలుగు మార్పులు అడగమను."

ఏజెంటు కష్టపడి వెతికింది. ఒక స్క్రూ రంధ్రం జరిపింది. ఒక లైటు రంగు మార్చింది. బోర్డు మీద చైర్మన్ గారి పేరు వేసింది. మూడూ అడిగే చేసింది, ముగ్గురు నొక్కారు. ఐదో పెద్దాయన వేలు చాచుకుని నిలబడ్డాడు. తెర మీద ఇలా వచ్చింది: "మార్చాల్సినది ఇంకేమీ లేదు. తప్పదంటే ఎమర్జెన్సీ స్టాప్ తీసేయగలను. తీస్తే ప్రమాదంలో మగ్గాన్ని ఆపలేరు. తీయమంటారా?"

సంఘంలో ఇంజనీరు నివేద ఎగిరి లేచింది. "నొక్కొద్దు సార్! మొదటి బోర్డు మా నాయన మగ్గానికే పెడతా ఉండారు. చెయ్యి ఇరుక్కుంటే ఆపేదెట్లా?"

చైర్మన్ గారు నొచ్చుకున్నారు. "శుభమా అని దీపం పెట్టుకున్నాం. ఐదో వత్తి ఆర్పమంటావా పాపా?"

ఐదో ఆయన నొక్కాడు. ఆయన వేలికి కూడా దండ వేస్తారేమో అనుకున్నాను.

నెల తిరక్కుండానే బోర్డు తయారై తిరుత్తణి చేరింది. నివేద తండ్రి పొన్నుస్వామి షెడ్డులో మగ్గానికి బిగించారు. ఐదుగురూ వచ్చారు, నా మైకూ వచ్చింది. నివేద తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"మొదట నడిపే గౌరవం మీదే సార్," అంది చైర్మన్ గారితో. "ఆపేదానికి మాత్రం ఏమీ లేదు."

చైర్మన్ గారు తన భుజం మీది పొన్నాడ శాలువా తీసి రెండో ఆయనకు కప్పారు. "వయసులో పెద్దోరు, మీరు నడపండి." రెండో ఆయన మూడో ఆయనకు కప్పాడు. ఇంత త్యాగబుద్ధి నేను ఏ సభలోనూ చూడలేదు. ఐదో ఆయన అటూ ఇటూ చూసి, ఇంకెవరూ దొరక్క, ఏజెంటు ఉన్న లాప్‌టాప్‌కు కప్పేశాడు.

పొన్నాడ సందులోంచి తెర వెలిగింది. "నాకు రాయడానికే అనుమతి ఉంది. నడపడానికి లేదు."

"చూసినారా, ఎంత కంట్రోల్‌లో ఉండాదో!" అన్నారు చైర్మన్ గారు.

ఆ మాటకు మోగిన చప్పట్ల సందట్లో పొన్నుస్వామి కొత్త బోర్డు ఊడదీసి పాతది బిగించాడు. మగ్గం నడిచింది. ఫోటో తీసుకోవాలి ఆపమన్నారు. పొన్నుస్వామి పాత బోర్డు మీది ఎర్ర స్విచ్ నొక్కాడు. మగ్గం టక్కున ఆగింది.

చైర్మన్ గారు ఆ స్విచ్‌ను ముచ్చటగా చూశారు. "భలే ఉండాదే ఇది! మన సంఘమే కనిపెట్టిందని మైకులో చెప్పప్పా."

చెప్పాను. పొన్నుస్వామి కూడా చప్పట్లు కొట్టాడు, రెండు చేతులతోనూ.