ఒక పేజీ చదివితే పుస్తకం ఊరికే

కోయంబత్తూరు దేశభాషాభిమాన సంఘం వారు తెలుగు అభివృద్ధిని దృష్టిలో ఉంచుకొని తమ గ్రంథాలయాన్ని మూసివేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అభివృద్ధికి నిధులు కావాలి, నిధులకు పెళ్లిళ్లు కావాలి, పెళ్లిళ్లకు ఏసీ భోజనాల హాలు కావాలి. హాలుకు కావలసిన చోటంతా పుస్తకాలు ఆక్రమించుకొని కూర్చున్నాయి. పంతొమ్మిదేళ్లుగా ఒక్కరూ వచ్చి పలకరించకపోయినా వాటికి సిగ్గన్నది లేదు.

తీర్మానం తమిళంలో రాశారు, సంతకాలు ఇంగ్లీషులో చేశారు. పుస్తకాలు వదిలించే పని గ్రంథాలయం చూసుకునే దురైసామికి అప్పగించారు. సంఘంలో అందరూ ఇళ్లలో తెలుగే మాట్లాడుకున్నా, తెలుగు చదవగలిగినవాడు ఆయనొక్కడే. అందుకే ఆయనను కమిటీలోకి ఎన్నడూ తీసుకోలేదు. దురైసామి తలుపుకు తెలుగులో ఒక నోటీసు అంటించాడు. మూడు రోజులు సభ్యులు దాని ముందు నుంచే తిరిగారు. మరుగుదొడ్డి మరమ్మతులో ఉందని రాసినట్టుందని అధ్యక్షులవారు అభిప్రాయపడగా, తక్కినవారు బలపరిచారు.

నాలుగో రోజు తుడియలూరులో పంపుల వర్క్‌షాపు గల జగన్నాథన్ వచ్చాడు. ఊళ్లో ఏ పుస్తకాల కొట్టు మూతబడుతున్నా మొదట వాలేది ఆయనే. జేబులో టేపు సిద్ధంగా ఉంటుంది. పుస్తకం పది అంగుళాల ఎత్తుండాలి, అట్ట గట్టిగా ఉండాలి, ధర కారుచౌకగా ఉండాలి. లోపల ఏముందో తొంగిచూసే అలవాటు ఆయనకు లేదు, పెద్దమనిషి. ఈ పద్ధతిలో ఒకే వైద్యగ్రంథం మూడో సంపుటాలు నాలుగు సంపాదించాడు. కినత్తుకడవు దారిలో కొబ్బరితోట మధ్య కట్టిన కొత్త ఇంట్లో అద్దాల బీరువా ముప్పాతిక నిండింది. పై వరుస మాత్రం మాతృభాషకు కేటాయించబడింది. సంఘం వారు వచ్చే వారమే ఆయనకు ‘మాతృభాషా సేవకుడు’ షీల్డు ఇవ్వబోతున్నారు. వరుస ఖాళీగా ఉంటే ఫొటోలో బాగుండదు.

అర్థం కాని నోటీసును సెల్‌ఫోనులో ఫొటో తీసి తల్లి కాంతమ్మాళ్ ముందు పెట్టాడు. ఎనభై మూడేళ్ల ఆవిడ చిన్నతనంలో సూలూరు పక్క పల్లెలో అరుగు మీది బడికి పోయి తెలుగు అక్షరాలు దిద్దింది. తరువాత ఆ ఇంట్లో ఎవరూ ఆ పొరపాటు చేయలేదు.

“ఎవురైనా సరే, ఒగ పేజీ గట్టిగా చదివితే ఆ బుక్కు ఊరికే ఇస్తారంట. మిగిలినవంతా శనివారం అయిదు గంటలకు పాత పేపరు లారీకంట,” అని చదివి చెప్పింది.

‘ఊరికే’ అన్న మాటకు జగన్నాథన్ ఒళ్లు పులకరించింది. తెలుగు మాట మీద అంత ప్రేమ ఆయనకు అంతకుముందు ఎన్నడూ పుట్టలేదు.

శనివారం పొద్దున్నే తల్లిని కారులో తెచ్చి, కుర్చీ వేయించి, పది అంగుళాల పుస్తకాలన్నీ ఏరి పక్కన పేర్చాడు. ఆవిడ పేజీ చదవాలి, ఈయన పుస్తకం లాక్కొని ఇంకొకటి చేతిలో పెట్టాలి. వర్క్‌షాపులో పంపులు బిగించే పద్ధతీ ఇదే. మధ్యాహ్నానికి ముప్పై ఒకటి అయ్యాయి. ముప్పై రెండో దాని దగ్గర పని ఆగిపోయింది.

ఆ పచ్చట్ట పుస్తకంలో ఒక ముసలమ్మ ఉంది. ఆమె మేకను కరణం పగబట్టి బందెలదొడ్లో పెట్టించాడు. ఆమె గుడిసెకు గడియపెట్టి జిల్లా కోర్టుకు కాలినడకన బయలుదేరింది. అక్కడికి పేజీ అయిపోయింది. కాంతమ్మాళ్ పేజీ తిప్పింది.

“ఒగ పేజీ సాలుమా. అది మనకు వచ్చేసె. ఈ బుక్కు పట్టుకో,” అన్నాడు జగన్నాథన్.

“కొంచం ఉండు నాయనా. మేక ఏమాయనో చూస్తా.”

“మేక ఎక్కడికి పోతాదిమా? టైమ్ ఆవుతా ఉండాది. లారీ వచ్చేస్తాది.”

ఆవిడ వినిపించుకోలేదు. గంటసేపు చదివింది. దురైసామి స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చున్నాడు. ఫ్యాను ఆవిడ వైపు తిప్పాడు. ఆ గదిలో తనది కాని గొంతు తెలుగు చదవగా విని పంతొమ్మిదేళ్లయింది. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. “మెల్లంగా చదవండిమా, లారీ నిలుస్తాది,” అన్నాడు. జగన్నాథన్ కడుపు మండిపోయింది. ఊరికే వచ్చే సొత్తు కళ్లముందే లారీపాలవుతుంటే ఎవరికి మండదు? చివరికి తల్లి చేతిలోంచి పుస్తకాన్ని మెల్లగా, గౌరవంగా లాగేసుకున్నాడు. ముసలమ్మ అప్పటికి కోర్టు మెట్లు ఎక్కుతూ ఉంది.

వచ్చినకాడికి పుస్తకాలు ఇల్లు చేరాయి. అట్టల రంగు ప్రకారం పై వరుసలో కొలువుతీరాయి. బీరువాకు తాళం పడింది, తాళంచెవి జగన్నాథన్ జేబులోకి వెళ్లింది. కాంతమ్మాళ్ రోజూ వచ్చి అద్దం ముందు నిలబడేది.

“ఆ పచ్చట్ట బుక్కు ఒగదాన్ని ఇయ్యి నాయనా. కొంచమే మిగిలుండాది.”

“నువ్వు చదివిన బుక్కే గదమా, మళ్లీ ఎందుకు? ఒగటి తీస్తే లైను పోతాది.”

షీల్డు సభ ఘనంగా జరిగింది. తల్లిభాష తల్లిలాంటిదనీ, దాన్ని ప్రతి ఇంట్లోనూ భద్రంగా ఉంచుకోవాలనీ జగన్నాథన్ తమిళంలో ముప్పావు గంట ఉద్బోధించాడు. తరువాత అంతటి సేవకుడిని కన్న తల్లిని వేదిక మీదికి పిలిచి మైకు చేతికిచ్చారు.

“మా ఇంట్లో అద్దాల బీరువాలో ఒగ కత సగంలో నిలిచిపోయుండాది,” అంది కాంతమ్మాళ్. “తాళంచెవి నా కొడుకు తావ ఉండాది. ఎవురైనా చెప్పి ఇప్పిస్తే కడదాకా చదువుకుంటా. ఈ కండ్లు ఇంక ఎన్నాళ్లు కనపడతాయో.”

ఆ వెంటనే చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఎంత పాత మాట, ఎంత తీపి మాట అని పెద్దలు తలలూపారు. “ఇంగొగ తూరి చెప్పండి అవ్వా, వీడియో పట్టుకుంటాము,” అంది ముందు వరుసలోని ఒకావిడ. ఈసారైనా అర్థమవుతుందేమోనని కాంతమ్మాళ్ ఇంకాస్త నిదానంగా మళ్లీ చెప్పింది.

ఆ వీడియో సరిహద్దులు దాటి తెలుగు రాష్ట్రాలకూ చేరింది. రెండు లక్షల మంది చూశారు. తమరూ చూసే ఉంటారు. అసలైన తెలుగంటే ఇదేననీ, చెవిలో తేనె పోసినట్టుందనీ, ఇలాంటి పెద్దలను కాపాడుకోవాలనీ వేలమంది రాశారు. అవన్నీ తెలుగులో ఉన్నందున జగన్నాథన్ చదవలేక ఫోను తల్లి చేతికిచ్చాడు. తాళంచెవి గురించి ఎవరైనా రాశారేమోనని ఆవిడ ఒక్కొక్కటీ చివరిదాకా చదివింది.