యాభై మూడుకి యాభై మూడు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దలన్నారు. అమెరికాలోని టొలీడో నగరం ఆ మాటను ఒప్పుకుంటూనే మూడోది ఒకటి చేర్చింది: గ్లాస్‌కట్టర్స్ ఫుట్‌బాల్ జట్టు తుది జాబితా. మొదటి రెండింటి గురించి ఆ ఊళ్ళో ఎవరికీ పెద్ద బెంగ లేదు. మూడోదాన్ని ముందుగా కనిపెట్టడం మాత్రం ప్రతి పౌరుడి కనీస బాధ్యత.

(ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో, చాలావరకు చేతులతో ఆడేది. కాళ్ళతో ఆడేదానికి వేరే పేరుంది. దీనిపై అభ్యంతరాలు స్వీకరించబడవు.)

జూలై ఆఖర్లో శిక్షణ శిబిరానికి తొంభై మంది ఆటగాళ్ళు వస్తారు. ఆగస్టు చివరి మంగళవారం సాయంత్రం నాలుగింటికి యాభై ముగ్గురు మిగులుతారు. మిగిలేది ఎవరో ముందే చెప్పడానికి నగరంలో అభిమానుల అంచనా మండలి అని ఒకటుంది. దానికో ఆఫీసు, ఆఫీసుకో కిటికీ, కిటికీ వెనక బెవర్లీ నాజ్ అనే కార్యదర్శి ఉన్నారు. యాభై మూడు గడులున్న దరఖాస్తు తీసుకుని, నల్లసిరాతో నింపి, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఆ కిటికీలో ఇవ్వాలి. గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు చెల్లదు. ఈ కాగితాల హడావిడిలో పడి ఊళ్ళో చాలామంది ఆట చూడటం మానేసి పదేళ్ళు దాటింది. తీరిక ఉండదు.

ఈ విద్యలో రేమండ్ షిమాన్‌స్కీని మించినవాడు లేడు. వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నాలుగో కౌంటరు దగ్గర ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైన మనిషి. ముఖం చూస్తే చాలు, ఏ కాగితం తేవడం మరిచి వచ్చారో చెప్పేసేవాడట. ఇప్పటికి రెండుసార్లు యాభై మూడుకి యాభై ఒకటి సరిగ్గా చెప్పాడు. యాభై మూడుకి యాభై మూడు చెప్పినవాడు మండలి చరిత్రలో లేడు.

మే నెల నుంచి వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద భోజనం ఉండదు. తొంభై మంది ఆటగాళ్ళ పేర్లు రాసిన తొంభై అట్టముక్కలు ఉంటాయి. రేమండ్, అతని భార్య డోలరెస్ వంటగదిలో నిలబడి తింటారు.

"పెళ్ళైన కొత్తలో నా వైపు కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు నువ్వు," అంది డోలరెస్ ఒకరోజు, కీల్బాసా సాసేజ్ ముక్కలు వేసిన పళ్ళెం పెట్టడానికి చోటు వెతుక్కుంటూ.

"నిన్ను అంచనా వేయాల్సిన పనేముంది? నువ్వు ఖాయం కదా," అన్నాడు రేమండ్ తలెత్తకుండా.

"ఖాయమైనవాళ్ళ గతి ఇంతే," అని ఆమె పళ్ళెం అట్టముక్కల మీదే పెట్టేసింది.

ఆ ఏడాది శిబిరంలో ఒక వింత జరిగింది. కంచె బయట నిలబడి రేమండ్ తన చిన్న పుస్తకంలో రాసుకుంటుంటే, లోపల శిక్షకులు ఆటగాళ్ళని చూడటం తగ్గించి అతన్నే చూడసాగారు. ఒకడు బంతి జారవిడిచాడు. రేమండ్ పెదవి విరిచాడు. మర్నాటికి ఆ ఆటగాడు శిబిరంలో లేడు. ఇంకొకణ్ణి చూసి తల పంకించాడు. సాయంత్రానికి వాడు మొదటి వరుసలోకి వెళ్ళాడు. తన చూపు ఏడాదికేడాది పదునెక్కుతోందని రేమండ్ లోలోపల మురిసిపోయాడు.

శుక్రవారం పదకొండు గంటల యాభై నిమిషాలకి దరఖాస్తు ఇచ్చేశాడు.

శనివారం ఉదయం దాదాపు నాలుగు నెలల తర్వాత బల్ల ఖాళీ చేస్తుంటే, కీల్బాసా పళ్ళెం అడుగున జిడ్డుకి అంటుకుపోయిన అట్టముక్క ఒకటి కనబడింది. గోటితో ఊడదీశాడు. దాని మీద క్లిఫ్టన్ ఓడమ్ అని ఉంది.

క్లిఫ్టన్ ఓడమ్ ఆ ఊరివాడే. ముప్పై మూడేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు, కాపురం రేమండ్ ఇంటికి రెండు వీధుల అవతల. జట్టులో లాంగ్ స్నాపర్. అంటే ముందుకు వంగి, కాళ్ళ సందులోంచి బంతిని పదిహేను గజాలు వెనక్కి, బంతిని తన్నేవాడి చేతుల్లోకి సరిగ్గా విసరడం అతని పని. పదకొండేళ్ళుగా అది తప్ప ఇంకోటి చెయ్యలేదు. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. కాబట్టి అతనున్నాడనే సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

రేమండ్ దరఖాస్తు నకలు తీసి చూశాడు. ఓడమ్ పేరు లేదు. దానికి బదులు జెరోమ్ పెటిగ్రూ అనే రక్షణ ఆటగాడి పేరు ముప్పై ఒకటో గడిలో ఒకసారి, యాభై రెండో గడిలో ఇంకోసారి ఉంది.

వెంటనే మండలి ఆఫీసుకి పరిగెత్తాడు. కిటికీ ముందు పద్నాలుగు మంది ఉన్నారు. వంతు వచ్చేసరికి గంటన్నర పట్టింది.

"మిస్ నాజ్, పొరపాటు జరిగింది. ఒక పేరు రెండుసార్లు రాశాను," అన్నాడు.

బెవర్లీ నాజ్ కళ్ళద్దాలు సర్దుకున్నారు. "గడులన్నీ నిండాయా?"

"నిండాయి."

"నల్లసిరాయేనా?"

"నల్లసిరాయే."

"మరి పొరపాటెక్కడ?"

"ఒక మనిషి రెండుసార్లు ఉన్నాడండీ."

"అది మీ అంచనా, మిస్టర్ షిమాన్‌స్కీ. అంచనాలో మేం జోక్యం చేసుకోం. ముప్పై ఏళ్ళు కిటికీకి ఇవతల కూర్చున్నవారు, మీకు నేను చెప్పాలా? తర్వాత ఎవరండీ?"

రేమండ్ పక్కకి తప్పుకున్నాడు. కిటికీకి అటువైపు తనున్నప్పుడు ఇదే మాట కొన్ని వేలమందికి చెప్పాడు. సరే, ఈసారి యాభై రెండుతో సరిపెట్టుకోవాలి, అది మాత్రం తక్కువా అనుకుంటూ ఇంటికి వచ్చాడు.

సోమవారం క్లబ్ నుంచి కబురొచ్చింది. కొత్త జనరల్ మేనేజర్ కర్ట్ హాల్వర్‌సన్ కాఫీకి పిలిచాడు. మంచి మర్యాదస్తుడు. ఎదురొచ్చి చెయ్యి కలిపి, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మేం ఈ జాబితా కోసం ఏటా పద్నాలుగు మంది పరిశీలకుల్ని పెట్టేవాళ్ళం సార్. పదకొండు వారాల పని. చివరికి చూస్తే మీరు ఇంట్లో కూర్చుని నూటికి తొంభై ఆరు పాళ్ళు ముందే చెప్పేస్తున్నారు. అందుకని వాళ్ళని పంపించేశాం. ఈ ఏడాది మీ జాబితానే మా జాబితా."

రేమండ్ కప్పు సాసర్ మీద పెట్టేశాడు.

"అయ్యా, నేను మీరేం చేస్తారో చూసి కదా రాస్తాను."

"మేం మీరేం రాస్తారో చూసి చేశాం. ఎంత చక్కగా కుదిరిందో చూడండి."

"అందులో తప్పుంది. పెటిగ్రూ రెండుసార్లు పడ్డాడు."

"గమనించాం," అన్నాడు హాల్వర్‌సన్ గౌరవంగా. "రెండు గంటలు చర్చించాం. చాలా సాహసోపేతమైన ఆలోచన అని శిక్షకులందరూ ఒప్పుకున్నారు."

"వాడు ఒక్కడే మనిషి కదా."

"లీగ్ వాళ్ళకి అదే రాశాం. గడి ఖాళీగా ఉందా అని అడిగారు. లేదన్నాం. అయితే ఇబ్బంది లేదన్నారు. రెండు చొక్కాలు కుట్టించాం, రెండు లాకర్లు ఇచ్చాం."

"మరి ఓడమ్? స్నాపర్ లేకుండా ఎలా ఆడతారు?"

"మీలాంటి అనుభవజ్ఞుడు ఒక పేరు వదిలేశారంటే కారణం ఉండే ఉంటుందని వెతికాం. పదకొండు దొరికాయి. వయసు, నడుము, ఎప్పుడూ వెనక్కే విసరడం..."

"కారణం ఏమీ లేదు," అన్నాడు రేమండ్. "నేను మరిచిపోయాను. అంతే."

హాల్వర్‌సన్ కాగితం తిప్పి వేలితో చూపించాడు. "చూడండి, అయిదోది అదే. 'సులభంగా మరిచిపోదగినవాడు.' మీరూ మేమూ ఒకేలా ఆలోచిస్తాం."

రేమండ్ లేచి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసులో గొంతు పెంచాడు. "ఓడమ్‌ని ఉంచండి. నేను చెబుతున్నాను. అతన్ని ఉంచాలి."

హాల్వర్‌సన్ ముఖంలో నిజమైన బాధ కనబడింది. "సార్, అంచనా వేరు, సిఫారసు వేరు. ఈ క్లబ్‌లో బయటివాళ్ళ సిఫారసులు నడవవు. అది మా నిజాయితీకి సంబంధించిన విషయం."

మంగళవారం నాలుగింటికి జాబితా వచ్చింది. నాలుగూ అయిదుకి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. యాభై మూడుకి యాభై మూడు. లాగ్రాంజ్ వీధిలో కార్లు హారన్లు మోగించాయి. మూలమీది హోటల్లో హాట్‌డాగ్‌కి రేమండ్ పేరు పెట్టారు (సాసేజ్ రెండుసార్లు వేస్తారు). పూలగుత్తులు పట్టుకుని జనం మెట్ల దాకా వచ్చేశారు. రేమండ్ వెనక తలుపు తీసుకుని బయటపడి, రెండు వీధులు నడిచి ఓడమ్ ఇంటికి వెళ్ళాడు.

ఓడమ్ వాకిట్లో కారు డిక్కీలోంచి అట్టపెట్టె దింపుతున్నాడు. అందులో జత బూట్లు, ఒక టవలు, పిల్లలు గీసిచ్చిన బొమ్మలు ఉన్నాయి. పదకొండేళ్ళ సామాను ఒక్క పెట్టెలో పట్టింది.

"రండి సార్. అభినందనలు. టీవీలో మీ గురించే చెబుతున్నారు," అన్నాడు.

"క్లిఫ్టన్, నీకొక మాట చెప్పాలి."

"చెప్పండి."

"నిన్ను కావాలని తియ్యలేదు. నీ ముక్క పళ్ళెం కింద ఉండిపోయింది. నేను మరిచిపోయాను బాబూ. నా వల్లే పోయింది నీ ఉద్యోగం."

ఓడమ్ పెట్టె నేలమీద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు, అయితే పెద్దగా కాదు.

"నా పనే అలాంటిది సార్. పేరు వినబడిందంటే ఏదో తప్పు చేశానన్నమాట. ఎవరికీ గుర్తు లేనంతకాలం బాగా చేస్తున్నట్టు లెక్క."

"నువ్వు నన్ను తిట్టు. నాకు నయంగా ఉంటుంది."

"పొద్దున వాళ్ళు కూర్చోబెట్టి పదకొండు కారణాలు చెప్పారు. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. అయినా రోజంతా అవే బుర్రలో తిరుగుతున్నాయి. నడుము నిజంగానే పోయిందేమోనని ఇందాక నాలుగుసార్లు వంగి చూసుకున్నాను. మీది ఒక్కటే కారణం. మీదే నయం సార్."

రేమండ్ ఆ పెట్టె రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లోపలికి మోశారు. ఒక్కడు మోయగలిగిన బరువే అది.

మొదటి ఆట రోజు మధ్యాహ్నం యాభై వేలమంది ముందు రేమండ్‌కి సన్మానం ఏర్పాటు చేశారు. అంతకు ముందే ఆట మొదలైంది. బంతిని తన్నాల్సిన సమయం వచ్చినప్పుడు, స్నాపర్ చోటు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. యాభై రెండో గడి ప్రకారం అది రెండో పెటిగ్రూ బాధ్యత అని తేల్చారు. పెటిగ్రూ వంగి, కాళ్ళ సందులోంచి లోకాన్ని తలకిందులుగా చూసి, బంతిని విసిరాడు. అది తన్నేవాడి తల మీదుగా, గోలు స్తంభాల మీదుగా వెళ్ళి బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించే ఆవిడ ఒళ్ళో పడింది. ఇలా నాలుగుసార్లు. ట్రంపెట్ ఆవిడ రెండోసారి నుంచి చేతులు చాపి సిద్ధంగా ఉంది. గ్లాస్‌కట్టర్స్ నలభై నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

మధ్య విరామంలో రేమండ్ చేతికి మైకు ఇచ్చారు. "నేను పొరపాటున ఒక మంచి మనిషిని మరిచిపోయాను," అన్నాడు. వినయానికి మెచ్చి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డోలరెస్ ఒక్కతే కూర్చుని ఉండిపోయింది.

మర్నాడు క్లబ్ ప్రకటన వెలువడింది. మొదటి పెటిగ్రూ ఆట సంతృప్తికరం. రెండో పెటిగ్రూ తీవ్రంగా నిరాశపరిచినందున అతన్ని జట్టు నుంచి తొలగించడమైనది. రెండో లాకరు ఖాళీ చేయించే బాధ్యత మొదటి పెటిగ్రూకి అప్పగించారు. చాలా బాధగా ఉందని, తామిద్దరూ ఒకే బడిలో చదువుకున్నామని అతను విలేకరులతో చెప్పాడు.

ఖాళీ అయిన చోటికి ఓడమ్‌ని పిలుస్తారేమోనని రేమండ్ వారం రోజులు ఫోను పక్కనే కూర్చున్నాడు. క్లబ్ పిలవలేదు. తొలగించిన పేరును మళ్ళీ చేరిస్తే అంచనా యాభై మూడుకి యాభై రెండవుతుంది. నగరం గర్వపడే ఒకే ఒక్క విషయాన్ని చెడగొట్టడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

అక్టోబరులో ఓడమ్‌కి నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరి జట్టు పని ఇచ్చింది. కుటుంబంతో కారులో బయలుదేరే ముందు వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. డోలరెస్ బంగాళదుంప కూరిన పీరోగీలు డబ్బా నిండా కట్టి అతని పెద్ద కూతురి చేతిలో పెట్టింది.

"అక్కడ నిన్నెలా ఎంచుకున్నారు? అంచనా ఎవరు వేశారు?" అని అడిగాడు రేమండ్ కారు కిటికీ దగ్గర వంగి.

"ఎవరూ వెయ్యలేదు సార్. రమ్మన్నారు. ఇరవై సార్లు విసరమన్నారు. చూశారు. తీసుకున్నారు."

మర్నాడు రేమండ్ ఈ సంగతి మండలి కిటికీ దగ్గర చెప్పాడు. బెవర్లీ నాజ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చాలా జాలిపడ్డారు.

"చిన్న ఊరు కదండీ," అన్నారు. "పాపం, వాళ్ళకింకా చూడటం తప్ప వేరే సదుపాయం లేదు."