వెలిగిన రాళ్ళు

మార్చి పదకొండో తేదీ పొద్దున రెండు మాడిన బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు తిన్నట్టు రాళ్ళాయనకి ఇప్పటికీ గుర్తు. మామగారు మాడిన వైపు కిందికి తిప్పి పెట్టారు, అల్లుడు చూడడనుకుని. అల్లుడు చూడనట్టే తిన్నాడు. భార్య పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఉన్నది ఈ ఇద్దరే.

భూమిలో చమురు వెతికే కంపెనీలో ఉద్యోగం కాబట్టి వీధిలో ఆయనకి రాళ్ళాయన అని పేరు పడింది. బావి తవ్వుతుంటే లోతుల్లోంచి బురదతో పాటు రాతి పలుకులు పైకొస్తాయి. వాటిని చీకటి గదిలో నీలి దీపం కింద చూడటం ఆయన పని. చమురంటిన పలుకు వెలుగుతుంది, లేనిది నల్లగా ఉండిపోతుంది. ఇప్పుడు తవ్వుతున్న బావి చివరి లోతుకొచ్చినా ఒక్క పలుకూ వెలగలేదు. ఇదీ ఎండుబావే అయితే ఆఫీసు మూసేస్తారని మేనేజరు అంటున్నాడు. మూస్తే రాళ్ళాయనని ఎడారి క్యాంపుకి పంపుతారు. అక్కడికి ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళనివ్వరు. మామగారు తన కొడుకింటికి వెళ్ళాలి. ఆ ఇంట్లో ఆయన మంచం హాల్లో, టీవీకీ ఫ్రిజ్‌కీ మధ్య.

ముందురోజు ఆఖరి సంచి ఆలస్యంగా వచ్చింది. ఆఫీసుకి తాళం వేసేశారని దాన్ని విప్పకుండానే ఇంటికి తెచ్చి బాల్కనీలో పెట్టాడు. పొద్దున అనుకున్న పని చిన్నదే. ఆ పలుకులు చూసి, ‘ఏమీ లేదు’ అని రాసి, మామగారికి ఎలా చెప్పాలో ఆలోచించుకోవాలి.

ఆఫీసు చీకటి గదిలో సంచి విప్పితే పలుకులు శుభ్రంగా ఉన్నాయి. బావి దగ్గరవాళ్ళు ఇన్నాళ్ళకి కడిగి పంపారు, పోనీలే, మంచివాళ్ళు అనుకుని దీపం వేశాడు. పలుకులన్నీ వెలిగాయి. దీపం ఆర్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ వెలిగాయి. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే ఇంకా బాగా వెలిగాయి.

“అంతసేపు చీకట్లో ఏం చేస్తున్నారండీ?” అంటూ మేనేజరు తల లోపలికి పెట్టి, అలాగే ఉండిపోయాడు. “చమురు.”

“తొందరపడకండి సార్. మందు పోసి ఇంకో పరీక్ష చెయ్యాలి. నాకేదో అనుమానంగా...”

“మీకెప్పుడూ ఏదో ఒకటి,” అన్నాడు మేనేజరు. అప్పటికే ఫోను చెవి దగ్గరుంది.

పెద్దాఫీసుకి చేసిన మొదటి ఫోనులో ‘కనబడింది’ అన్నది, రెండో ఫోనుకి ‘దొరికింది’ అయింది. మూడో ఫోనుకి ‘పొంగుతోంది’ దాకా వచ్చింది.

రాళ్ళాయన చెమట తుడుచుకుందామని చేతిరుమాలు తీశాడు. అదీ వెలిగింది.

“చూశారా, మీ రుమాలుకి కూడా అంటింది,” అన్నాడు మేనేజరు.

“మీ కాలరు కూడా వెలుగుతోంది సార్.”

“నేను రాళ్ళు ముట్టుకోలేదే.”

“అదే నాకూ అంతుపట్టడం లేదు.”

మేనేజరు కాలరు తడుముకున్నాడు. “గాల్లోంచి వచ్చుంటుంది. అంటే గ్యాసు కూడా ఉందన్నమాట.” నాలుగో ఫోను చేశాడు.

రాళ్ళాయన వరండాలోకెళ్ళి ఇంటికి ఫోను చేశాడు. “మామయ్యా, బాల్కనీలో సంచి మీరేమైనా ముట్టుకున్నారా?”

“ఆ రాళ్ళా? అంత మురికివి ఆఫీసుకి పట్టుకెళ్తే ఏం బావుంటుందని నానబెట్టి ఉతికాను.”

“ఉతికారా?”

“సబ్బుపొడి వేసి, రెండు దఫాలు. జల్లెట్లో ఆరబెట్టి మళ్ళీ సంచిలో పోశాను. ఏం, తెల్లగా లేవా?”

“తెల్లగానే ఉన్నాయి మామయ్యా,” అని ఫోను పెట్టేశాడు. సబ్బుపొడిలో బట్టలు తళతళలాడటానికి కలిపేది కూడా నీలి దీపం కింద వెలుగుతుంది. నోరు మూసుకుంటే కొన్నాళ్ళు గడుస్తుంది. ఆ కొన్నాళ్ళూ మామగారు తన గదిలోనే పడుకుంటారు. రాళ్ళాయన వరండా చివరిదాకా నడిచాడు, వెనక్కొచ్చాడు, లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. “ఎవరికీ చెప్పకండి. మీ మామగారికి కూడా.”

“ఉతికింది ఆయనే సార్.”

ఇంతలో పెద్దాఫీసు డైరెక్టరమ్మ ఫోను. మేనేజరు స్పీకరు నొక్కాడు.

“అభినందనలు,” అందావిడ. “మీ పని అయిపోయింది. సోమవారం చమురు తోడేవాళ్ళు ఆ భవనంలో దిగుతారు. వెతికేవాళ్ళందరికీ ఎడారికి బదిలీ.”

“దొరక్కపోతే కదా మేడమ్ మూసేది?”

“ఎవరు చెప్పారు? దొరక్కపోతే పక్క భూముల్లో వెతకాలి, దానికి డబ్బు కూడా కేటాయించాం. దొరికాక ఇంకేం వెతుకుతారు?”

మేనేజరు రాళ్ళాయన వైపు చూశాడు. అంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు. “మేడమ్, ఒక చిన్న సవరణ. రాళ్ళు ఉతికేశారు.”

“ఏం చేశారు?”

“సబ్బుపొడితో మేడమ్.”

“పొంగుతోందన్నారు కదా?”

“అది నురుగు మేడమ్.”

“అయితే వెతకండి,” అని ఆవిడ పెట్టేసింది.

సాయంత్రం రాళ్ళాయన ఇంటికొచ్చేసరికి హాల్లో పెట్టె సర్ది ఉంది. పక్కన మామగారు చెప్పులేసుకుని కూర్చున్నారు.

“నా మూలంగా ఎడారికి పంపుతున్నారా? ఆఫీసు మూస్తే ఎడారికేనని నాకు ముందే తెలుసులే. మీ మేనేజరు నీకు ఫోను చేస్తే వీధి చివరికి వినబడుతుంది.”

“పంపట్లేదు మామయ్యా.”

“అయితే చమురు దొరికిందా?”

“దొరకలేదు. అందుకే ఇక్కడే ఉంచారు.”

మామగారు ఆలోచనలో పడ్డారు. “దొరికితే పంపించేస్తారు. దొరక్కపోతే జీతం ఇస్తారు.”

“అంతే.”

“నాకేం అర్థం కాలేదయ్యా.”

“నాకూ కాలేదు. లేవండి, భోంచేద్దాం.”

భోజనాలయ్యాక రాళ్ళాయనే పెట్టె మోసుకెళ్ళి గదిలో పెట్టాడు. వెళ్ళాలని లేని మనిషి సర్దుకున్నట్టు అది తేలిగ్గా ఉంది. మామగారు గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు.

“కాస్త చూసుకుని వెతుకు అల్లుడూ,” అన్నారు మెల్లగా. “దొరికిపోగలదు.”

తర్వాత చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.