లోయలో పడినవాని జేబు

మధ్యాహ్నమార్తాండుడు మేడలపై నిప్పులు చెరుగుచుండగా, చప్పుడగునని ఏసీని సైతము ఆపివేసిన డబ్బింగు గదియందు, కుర్చీ కిర్రుమన్నను కొంప మునుగు ఆ నిశ్శబ్దరణక్షేత్రమున జరిగిన మహాసంగ్రామమును వినిపించెదను. దగ్గదలచినవారు ఇప్పుడే దగ్గి కూర్చుండుడు!

పరభాషాప్రతినాయకగర్జనాధురంధరుడు, అట్టహాసచక్రవర్తి, స్టూడియోవారిచే గళాసురుడని ముద్దుగా పిలువబడు డబ్బింగు కళాకారుడు నాలుగేండ్లుగా ఒక్క పిలుపునకై కాచుకొనియుండెను. ఏలయన, ముసుగువీరుని సినిమా రెండవ భాగమున అతడు గొంతిచ్చిన దుష్టుడు, లోకమునంతటిని బూడిద చేయగల రాయిని జేబులో వేసికొని లోయలో పడెను. శవము దొరకలేదు. “ఏమండీ, మీవాడింకా ఎక్కి రాలేదా?” అని కూర వడ్డించునప్పుడెల్ల భార్య ఎత్తిపొడుచుచుండెను. పైకి నవ్వినను అతడు లోలోపల కుమిలిపోయెను, పాపము!

ఎట్టకేలకు మూడవ భాగము వచ్చెను. పిలుపును వచ్చెను. ఉప్పునీట ముమ్మారు పుక్కిలించి, మండుటెండలో మఫ్లరు చుట్టి, మైకు ముందు నిలిచిన ఆ మహావీరుని చేతిలో డబ్బింగు ఇన్‌ఛార్జి మేడము ఒక కాగితము పెట్టెను.

“మీరు కాపలావాడండి. ఒక్కటే డైలాగు: ‘సరే సార్’.”

“మరి మావాడు?”

“ఎవరూ? ఆ లోయలో పడ్డాయనా? ఈ పార్టులో ఆయన ఊసే లేదండి.”

అంతట ప్రళయకాలమేఘగంభీరధ్వానమున గళాసురుడిట్లు గర్జించెను:

“ఓ విస్మరణపరాయణులారా! లోకభస్మీకరణసమర్థమైన రాయి వాని జేబులో నుండగా, ఆ జేబు తడిమినవాడొక్కడును లేడా? ముసుగువీరుడు చేతులు దులుపుకొని ఇంటికి పోయెనా? ఇది కథయా, జల్లెడయా?”

అద్దము ఆవలనున్న సౌండు ఇంజనీరు హెడ్‌ఫోను లాగిపారవేసెను. “అన్నా, మైకు ఆన్‌లోనే ఉంది! నా చెవులు పోయాయి!”

“కథ మనం రాశామా ఏంటండీ?” అనెను మేడము. “బొమ్మ పెదాలు ఎలా కదిలితే అలా చెప్పడమే మన పని. కానివ్వండి.”

గళాసురుడు తలవంచి “సరే సార్” అనెను. తెరపై కాపలావాడు పెదవులు కదిపి, వెనుదిరిగి, తలుపు వైపు నడచెను. అది చూచి గళాసురుని కన్నులు మెరసెను. వీపు! పెదవులు కానరాని, ఏ మాటనైనను మోయగల వీపు!

“మేడమ్, వీడు వెనక్కి తిరిగాడు. తలుపు దాకా నాలుగు సెకన్లు. పెదాలు కనపడవుగా?”

మేడము కసరబోయి ఆగెను. “అవునూ... నిజంగానే ఆ జేబు ఎవరూ వెతకలేదా?”

“నాకూ అదే డౌటు మేడమ్,” అని ఇంజనీరు వంతపాడెను.

“సరే, రెండే టేకులు. తలుపు పడ్డాక ఒక్క అక్షరం మిగిలినా కోసేస్తా.”

మొదటి టేకు, అలవాటుకొద్దీ వెలువడిన అట్టహాసమువలన మట్టికొట్టుకొనిపోయెను. రెండవమారు నాభినుండి ఊపిరి లాగి, నవ్వును పంటిబిగువున అణచి, విడిచెను వాగ్బాణము: “లోయలో వాడు దొరికాడట. రాయి జేబులోనే ఉందట!” కడపటి అక్షరము వెడలుటయు తలుపు మూతపడుటయు ఏకకాలమున జరిగెను. “ఓకే!” అనెను మేడము.

సాయంకాలమున ఇల్లు చేరి, చెప్పులైనను విడువక “దొరికాడే!” అని కేకవేసెను.

“ఎవరండీ, మీవాడా?” అని భార్య గరిటెతో పరుగున వచ్చెను. “ఇంతకీ బతికున్నాడా, పోయాడా?”

గళాసురుడు మఫ్లరు విప్పుచు చిరునవ్వు నవ్వెను. “ఆ ఒక్కటీ చెప్పలేదే! చెబితే నాలుగో పార్టుకి నన్నెవడు పిలుస్తాడు?”

ఇట్లు, ఏ ప్రేక్షకుడును గమనింపని నాలుగు సెకన్ల వీపుమీద పాత చిల్లి పూడ్చి, ప్రక్కనే క్రొత్త చిల్లి పొడిచిన ఆ మహావీరుడు దిగ్విజయము సాధించెను. దగ్గు ఆపుకొనియున్నవారు ఇక దగ్గవచ్చును.