కార్తీకంలోనే చూడవలసిన ప్లాటు

స్థలం కొనేముందు దాని విలువ కట్టడం రానివాళ్లు ఈ విశాఖపట్నంలో ఇంకా ఉన్నారంటే నమ్మండి! మట్టి తవ్వి చూస్తారట, నుయ్యి తవ్వితే నీళ్లు పడతాయా అని అడుగుతారట. అవన్నీ పాతకాలపు మాటలు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తున్న ఊరికి కావలసింది సీనరీ. ముందు కొండ, కొండ కింద నీళ్లు, ఆ నీళ్లలో మళ్లీ అదే కొండ. ఒక కొండ ధరకి రెండు కొండలు! ఇంతకంటే లాభసాటి బేరం ఎక్కడుంది?

ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించినవాడు నీలకంఠం. పోర్టులో గుమస్తా. వన్ టౌన్‌లో కిటికీ తెరిస్తే పక్కింటి గోడకి తగిలే వాటాలో ఏళ్ల తరబడి అద్దెకుంటున్నాడు. పుట్టింది మాత్రం సబ్బవరం దగ్గర రైతుల ఇంట్లో. పొలం కొనాలంటే అతని వంశంలో ఎవరూ వానాకాలంలో అటు తొంగిచూడరు. రోహిణీ కార్తెలో వెళ్లి, నెర్రెల్లో చెయ్యి పెట్టి, మట్టి నోట్లో వేసుకుని మరీ బేరం మొదలెడతారు. ఆ ఎండలో కూడా బాగున్న భూమే భూమి అని వాళ్ల లెక్క.

అయితే నీలకంఠం కొనబోయేది పొలం కాదు, ప్లాటు! ఆ తేడా అతనికి విడమరచి చెప్పినవాడు బ్రోకరు శ్రీరామ్మూర్తి. కార్తీకమాసంలో ఓ ఆదివారం స్కూటరెక్కించి దువ్వాడ దాటించాడు. పచ్చటి కొండ, దాని కింద నిండుగా నీళ్లు. నీలకంఠం అలవాటు కొద్దీ మట్టి చూద్దామని వంగబోతే, శ్రీరామ్మూర్తి భుజం పట్టి లేపి నీళ్లవైపు తిప్పాడు. ప్లాటు చూడాలంటే ప్లాటుకి వీపుపెట్టి నిలబడాలి మరి!

డబ్బు కోసం తల్లి సన్యాసమ్మ పేరనున్న పల్లం భూమి అమ్మకానికి పెట్టాడు. ఏటా ఇంటిల్లిపాదికీ తిండిగింజలిచ్చే చెక్క అది. ఆవిడ గొడవేమీ పడలేదు. వేలిముద్ర వేసేముందు ఒక్క మాట అంది.

"ఏటి నాయనా, పండే పల్లం అమ్మేసి, సూడ్డానికి గట్టు కొంతన్నావా?"

పాపం, పల్లెటూరి మనిషి! సీనరీ సంగతి ఆవిడకేం తెలుసు?

వేసవి వచ్చింది. శంకుస్థాపనకి స్థలం బాగుచేయిద్దామని వెళ్లిన నీలకంఠానికి నీళ్లు కనబడలేదు. నీళ్లున్న చోట పెద్ద గొయ్యి, గోతిలో కూలీలు, సుత్తులు, లారీలు. అది రాళ్ల క్వారీ! వానలు పడితే పని ఆపేస్తారు, గొయ్యి నిండి చెరువైపోతుంది. వేసవికి ఆ నీళ్లు తోడేసి మళ్లీ కొండ మీద పడతారు. ఆ మధ్యాహ్నం మందు పెట్టి పేల్చారు. కొండలో కొంత ముక్క లేచి వచ్చి నీలకంఠం ప్లాటులోనే దిగింది. మిగతాది లారీలెక్కి ఎవరి పునాదులకో వెళ్లిపోయింది. కొండే మన స్థలానికి నడిచి రావడం ఎందరికి దక్కే భాగ్యం చెప్పండి!

నీలకంఠం లబోదిబోమన్నాడు. పల్లం కొన్నాయన మంచివాడు కాబట్టి, వచ్చే ఏడు ఊడ్పుల్లోగా సొమ్ము తిరిగిచ్చేస్తే భూమి వదిలేస్తానన్నాడు. అంటే ఈలోగా ప్లాటు అమ్ముడుపోవాలి. కానీ గోతి పక్క స్థలం ఎవడు కొంటాడు? మళ్లీ వానలు కురిసి గొయ్యి నిండేదాకా నోరు మూసుకుని కూర్చున్నాడు.

కార్తీకం రానే వచ్చింది. శ్రీరామ్మూర్తి స్కూటరు మీద ఈసారి వచ్చినవాడు తవిటయ్య, నీలకంఠం అక్క మొగుడు! ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయి, పరిహారం చేతికొచ్చిన రైతు. దున్నడానికి మడి లేదు, డబ్బేమో రోజురోజుకీ కరిగిపోతోంది. రోహిణీ కార్తె దాకా ఆగి భూమి చూసుకునే ఓపిక అతనికెక్కడిది? తన ప్లాటు అమ్ముకుందామని అక్కడే కాచుకున్న నీలకంఠం ఎదురెళ్లాడు. సొంత అక్క కొంప ముంచలేక ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"కొనకు బావా. ఇది సెరువు కాదు, క్వారీ గొయ్యి. ఎండలొస్తే సుక్క నీరుండదు."

తవిటయ్య నిండుగా ఉన్న నీళ్లవైపు చూశాడు, బావమరిది మొహంవైపు చూశాడు.

"నువ్వు కొనుక్కుని నన్నొద్దంతన్నావేటి బామ్మర్దీ? పక్కది కూడా నువ్వే ఎత్తీద్దామనా?"

ఆ సాయంత్రమే పక్క ప్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశాడు. అక్క అలిగి తమ్ముడితో మాట్లాడ్డం మానేసింది.

మర్నాడు శ్రీరామ్మూర్తి పోర్టు గేటు దగ్గరకి మిఠాయి పొట్లంతో వచ్చాడు. తాను ఎన్నాళ్లు పొగిడినా కదలని పార్టీని నీలకంఠం ఒక్క మాటతో కదిలించేశాడని మెచ్చుకున్నాడు.

"వచ్చే ఆదివారం ముగ్గుర్ని తెస్తున్నానండీ. మీరు కూడా వచ్చి, నిన్న చెప్పినట్టే చెప్పండి. మీ ప్లాటు కూడా వెళ్లిపోతుంది."

నీలకంఠం వారమంతా ఆలోచించాడు. అందులో తప్పేముంది? అబద్ధమాడమని అతన్ని ఎవరూ అడగలేదే! నిజం చెబితేనే బేరం తెగుతుందంటే, అంతకంటే ధర్మమైన వ్యాపారం ఈ ఊళ్లో ఇంకొకటుందా?

ఆదివారం తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. వచ్చిన ముగ్గురూ భూములు పోయిన రైతులే. అందరిలోకీ పెద్దాయన నీళ్లు చూస్తూ నిలబడిపోయాడు. నీలకంఠం దగ్గరకెళ్లి, "కొనకు తాతా, ఎండలకి సుక్క నీరుండదు" అని నిజమే చెప్పాడు. చెప్పి, ఆయన అడక్కుండానే తన ప్లాటు ఎక్కడుందో చూపించాడు.